ఆరని వార్నిష్ మీద బొట్టు

మొన్న ఆదివారం మా మనవడి మీద ఒంటికాలి మీద లేచాను. పాపం, వాడు చేసిన నేరమేమీ లేదు. బాల్కనీలో పాత పేపర్లు పరుచుకుని, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న చిన్న ప్లాస్టిక్ విమానానికి అక్షరాలు, గీతలు అంటించాడు. పైన మెరుపు కోసం సీసాలోది ఏదో పూసి, దాన్ని అక్కడే వదిలేసి లోపలికొచ్చి ఫోన్ చూసుకుంటున్నాడు. పనిమనిషి చీపురు పట్టుకుని అటే పోతోంది.

"ఒరేయ్, అది ఆరేదాకా దాని పక్కనుంచి లేవకు! ఎవ్వరినీ దగ్గరికి రానియ్యకు!" అని అరిచాను.

"ఉత్త బొమ్మే కదా అమ్మమ్మా, దానికింత గొడవా?" అన్నాడు వాడు, బిత్తరపోయి.

ఉత్త బొమ్మే. నిజమే. కానీ ఆ వాసన ముక్కుకు తగిలిందో లేదో నా ప్రాణం ఎక్కడికో పోయింది. మాగిన అరటిపండు మీద కిరసనాయిలు పోసినట్టుండే ఆ వాసన, మా కొత్తింటి మేడ మీద గదిలో ఒక దసరా పండుగంతా నిండిపోయింది. ఆ పండుగ తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు బాగుండదు. అలాగని తలుచుకోకుండానూ ఉండలేను.

అప్పట్లో మన్సూరాబాద్ అంటే మాకు తాత జొన్నచేను, దాని నడుమ కంది సాళ్లు, గట్టు మీద సీతాఫలం చెట్లు. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో బస్సు దిగితే ఇంటిదాకా నడకే. సాయంత్రం పూట ఆ దారిలో కాల్చిన జొన్నకంకుల వాసన వచ్చేది. ఓ ఏడాది వానలు పడ్డాక తాత జొన్న వెయ్యలేదు. సున్నం పూసిన రాళ్లు పాతించాడు. దున్నిన భూమిలో రాళ్లు మొలవడమేమిటని నేనూ తమ్ముడూ వాటి మీద ఎక్కి దూకేవాళ్లం. "రాళ్లు జరపకుండ్రి, జరిపితే ఒకరి జాగ ఇంకొకరికి పోతది" అని మా నాన్న కర్ర పట్టుకుని వెంటబడేవాడు. చూస్తుండగానే రోడ్డు పక్కన రేకుల షెడ్డు లేచింది. దానికి ప్లాట్ల ఆఫీసని పేరు. లోపల నాలుగు కుర్చీలు, ఒక మంచినీళ్ల కుండ, గోడకు ప్లాట్లు గీసిన పెద్ద నక్షా. తాతా, నాన్నా పొద్దస్తమానం అక్కడే.

మట్టిగోడల పాతిల్లు వదిలి మేమూ స్లాబు ఇంటికొచ్చాం. అబ్బో, ఏం దుమ్ము ఆ రోజుల్లో! ఇసుక లారీలు, ఇటుక లారీలు, కంకర లారీలు. అన్నం తింటే పంటికింద కరకర. ఉతికి ఆరేసిన ధోతులు ఎర్రబడితే నాయనమ్మ లారీ వాళ్లను ఒక్కొక్కరినీ పలకరించి మరీ తిట్టేది. కింద ఒక భాగం కిరాయికిచ్చాం. కోస్తా వైపు నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకాయన, ఆయన భార్య ఉండేవాళ్లు. ఆవిడ నాయనమ్మను "పెద్దమ్మగారూ" అని పిలిచేది. ఆవిడ ఆవకాయ, మా సకినాలు గోడ మీదుగా అటూ ఇటూ తిరిగేవి. ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేది, స్నేహానికి మాత్రం అడ్డు రాలేదు.

ఇక మా కాక, అంటే నాన్నకు తమ్ముడు. డిగ్రీ అయిందనిపించి ఇంట్లో ఉన్నాడు. ప్లాట్ల ఆఫీసు బోర్డు రాసింది ఆయనే. ఆ అక్షరాలు చూసి చంపాపేట్ నుంచి కూడా కొట్ల వాళ్లు వచ్చి మాకూ రాయమని అడిగారు. కానీ కాక మనసు బోర్డుల మీద లేదు. ఒకసారి ఆబిడ్స్ వైపు పోయినప్పుడు విమానం టికెట్లమ్మే ఆఫీసులో, అద్దం వెనక, స్టాండు మీద నిలబెట్టిన తెల్లటి విమానం చూశాడట. మోచేతి పొడవు కూడా ఉండదు, కిటికీలతో సహా అచ్చం నిజమైనదే. అంతే, మనిషి తిరిగి ఇంటికి రాలేదు, విమానమే వచ్చింది. తినేటప్పుడు విమానం, పడుకునేటప్పుడు విమానం. అది ఎవరు చేస్తారో కనుక్కుని, కోఠీ వెనక సందులో ఉన్న ఆ ముసలాయన కార్ఖానా చుట్టూ కాళ్లకు బలపం కట్టుకుని తిరిగాడు.

చెక్కతో విమానం చెక్కేవాళ్లు ముసలాయన దగ్గర ఉన్నారు. రంగు కొట్టేవాళ్లూ ఉన్నారు. ఆయనకు కావలసింది చివరి పని చేసే మనిషి. అంటే విమానం మీద అక్షరాలు, గీతలు, కిటికీలు అంటించి, పైన క్లియర్ అనే నీళ్లలాంటి వార్నిష్ పూసి, అద్దంలా మెరిపించేవాడు. ఆ అంటించేవాటిని ఇప్పటి పిల్లలు డెకాల్స్ అంటున్నారు. మేం నీళ్ల బొమ్మలనేవాళ్లం. కాగితం నీళ్లలో నానేస్తే, మీదున్న బొమ్మ పల్చటి పొరలా జారి వస్తుంది. దాన్ని కుంచెతో కావలసిన చోటికి జరిపి, గుడ్డతో అద్దాలి.

దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిల్ షాపుల వాళ్ల దగ్గర అలాంటివే దొరికేవి. నెమళ్లు, సింహాలు, గులాబీలు. కాక వాటిని తెచ్చి చేయి తిప్పుకోవడానికి కనబడినదానికల్లా అంటించేవాడు. మా పలక మీద గులాబీ, తాత చుట్టల డబ్బా మీద సింహం. మిగిలినవి నేనూ తమ్ముడూ దొంగిలించి, ఒక మధ్యాహ్నం బర్రె కొమ్ముకు నెమలిని అంటించాం. తెల్లారి పాలు పిండబోయిన నాయనమ్మ చెంబు కిందపడేసి, "ఓయమ్మో! ఎల్లమ్మ తల్లీ! బర్రె మీదికొచ్చినవా!" అని దండాలు మొదలుపెట్టింది. మేం నవ్వాపుకోలేక దొరికిపోయాం. వీపు విమానం మోత మోగింది. కానీ నెమలిని గోకెయ్యమని కాక అంటే నాయనమ్మే ఒప్పుకోలేదు. "ఉండనియ్యి, మా బర్రె ముద్దుగున్నది" అని కొమ్ముకు పసుపు రాసి, నెమలి పక్కన బొట్టు కూడా పెట్టింది.

నాయనమ్మ అంతే. ఏది కొత్తగా ఇంటికొచ్చినా బొట్టు పెట్టాల్సిందే. కుట్టుమిషను, గ్యాస్ పొయ్యి, నాన్న స్కూటరు, కిరాయికొచ్చిన వాళ్ల టీవీ పెట్టె కూడా. "బొట్టు లేనిది బోసిముఖం" అనేది. మా కొత్త కాలనీలో ఎవరు స్కూటరు కొన్నా ముందు మా గడప దగ్గరికి తెచ్చేవాళ్లు. చెయ్యి మంచిదని పేరు. ఆ పేరంటే ఆమెకు లోలోపల ఎంత గర్వమో! పైకి మాత్రం "నాదేముందమ్మా, అంత తల్లి దయ" అంటూ పళ్లెం పట్టుకుని ముందే తయారు.

వినాయకుణ్ణి నీళ్లలో కలిపి వచ్చాక, ముసలాయన కాకను పరీక్షకు పెట్టాడు. తెల్ల రంగు కొట్టిన విమానం ఒకటి, దాని నీళ్ల బొమ్మల కాగితం ఒకటి చేతిలో పెట్టి, "దసరా ఎల్లినంక సోమవారం తే. సూసి చెప్త" అన్నాడట. ఆ కాగితం ఒక్కటే. చిరిగితే ఇంకోటి లేదు.

ఆ సంగతి ఇంట్లో చెప్పిన రోజు పెద్ద పంచాయితీ.

"ఇమానాలకు స్టిక్కర్లేస్తవా? మనకు జాగలు లేవా, భూములు లేవా? నలుగురిని కూసోవెట్టి తినవెట్టేటోనివి, ఒకని దగ్గర చెయ్యి కట్టుకోని నిలవడ్తవా?" అన్నాడు తాత.

"గది పని నాయినా. నాకు అచ్చే పని గదొక్కటే. ఆఫీసుల కూసోని అబద్ధాలాడుడు నాతోని గాదు" అన్నాడు కాక.

తాతకు కోపం నషాళానికంటింది. అప్పుడు నాయనమ్మ వంటింట్లోంచి పిండి చేతులతోనే వచ్చి మధ్యలో నిలబడింది. తాత ముందు ఆమె గొంతు లేవడం అదే మొదటిసారి చూడటం నేను.

"జర పోనియ్యరాదూ. మనసు వడ్డడు పోరడు. ఒక్కపారి సూసుకోనియ్యి. నా మాట ఎన్నడన్న అడిగిన్నా? గిదొక్కటి అడుగుతున్న."

తాత చుట్ట పొగ వదిలి, "సరే. నౌకరి దొరికితె పో. దొరకలేదా, మల్ల గీ ఇమానాల ముచ్చట నా ముంగట ఎత్తొద్దు. వచ్చి ఆఫీసుల కూసోవాలె" అన్నాడు. కాక తలూపాడు. అంటే ఆ విమానం బాగా వస్తే కాక బతుకు ఒక దారిన, లేకపోతే ఇంకో దారిన. ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు, కింద కిరాయికుండే ఆంటీకి కూడా.

మేడ మీద తలుపులు, కిటికీలు బిగించని గది ఒకటుండేది, పచ్చి సిమెంటు వాసనతో. కాక అందులో చేరాడు. దుమ్ము రాకుండా కిటికీలకు తడి గోనెసంచులు కట్టాడు, నేల మీద నీళ్లు చల్లాడు, చొక్కా విప్పేసి బనీనుతో కూర్చున్నాడు. గోనెసంచి పక్కనుంచి నేను తొంగి చూసేదాన్ని. ముందు ఒట్టి తెలుపు మీద పల్చగా క్లియర్ పూశాడు. అలా నున్నగా చెయ్యకుండా అంటిస్తే అక్షరాల కింద గాలి నిలిచి పొర అంచులు తెల్లగా కనబడతాయట. అది ఆరాక స్టీలు పళ్లెంలో గోరువెచ్చటి నీళ్లు పోసి, ఒక్కొక్క ముక్కా కత్తిరించి నానేసేవాడు. జారిందో లేదో వేలి చివరతో చూసేవాడు. విమానం పొడవునా వెళ్లే ఎర్రగీత అంటించేటప్పుడు ఊపిరి కూడా తీసుకున్నట్టు లేదు. గీత తిన్నగా కూర్చున్నాక వెనక్కి వాలి, గోడకు తల ఆనించి నవ్వుకున్నాడు. మా కాక అంత సంతోషంగా ఉండటం నేను మళ్లీ చూడలేదు.

దసరా ముందు రోజు మధ్యాహ్నం, అన్నీ అంటించిన విమానానికి ఆఖరి క్లియర్ దట్టంగా పూశాడు. ఆ యేడు వానలు పోయినట్టే పోయి మళ్లీ ముసురు పట్టింది. ఆ తేమకు వార్నిష్ ఆరదే! సాయంత్రం దాకా గోరంటితే గోరు ముద్ర పడుతోంది. కాక కిందికొచ్చి అందర్నీ నిలబెట్టి చెప్పాడు.

"సూడుండ్రి, ఎవ్వరు ముట్టకుండ్రి. రేపు పొద్దుగూకేదాంక గట్లనే ఉండాలె. అమ్మా, ఇంటున్నవా?"

"ఇంటున్న బిడ్డా, నేనెందుకు ముడ్త" అంది నాయనమ్మ, సకినాలు చుడుతూ.

తెల్లారి దసరా. ఇల్లంతా గారెల నూనె వాసన, ఒక పొయ్యి మీద మటన్, ఇంకో దాని మీద బగార అన్నానికి ఎసరు. నాయనమ్మ తలస్నానం చేసి, పసుపు కుంకుమల పళ్లెం, బంతిపూలు పట్టుకుని ఆయుధ పూజకు బయల్దేరింది. ట్రాక్టరుకు, స్కూటరుకు, కొడవళ్లకు, పారలకు, రోలుకు, కుట్టుమిషనుకు. ఆఖరికి నాన్న ప్లాట్లు కొలిచే టేపుకు కూడా పెట్టింది. నేనూ తమ్ముడూ వంటింటి గడపలో కూర్చుని వేడి గారెలు మింగుతున్నాం. కాసేపటికి నాయనమ్మ మేడ మెట్లు దిగి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"ఇమానంకు గూడ వెట్టొచ్చిన. ముక్కుకు, రెక్కలకు, తోకకు. తల్లికి మొక్కిన. ఇగ సూడు, నా కొడుక్కు నౌకరి వచ్చినట్టే" అంది.

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "అత్తమ్మా, ముట్టద్దన్నడు గదా?" అంది మెల్లగా.

"నేనేడ ముట్టిన? బొట్టే గద వెట్టిన."

ఆమె దృష్టిలో బొట్టు పెట్టడం ముట్టుకోవడం కాదు. దేవుడి పటానికి బొట్టు పెడితే దేవుణ్ణి ముట్టుకున్నట్టా? అదే లెక్క. కానీ స్నానం చేసి తల తుడుచుకుంటున్న కాక చెవిన ఆ మాట పడింది. తువ్వాలు అక్కడే పడేసి మెట్లెక్కాడు. ఆ మరుక్షణం పైనుంచి కేక.

మేమంతా పైకి పరుగెత్తాం. విమానం ముక్కు మీద, రెక్కల మీద, తోక మీద ఎర్రటి బొట్లు మెత్తటి వార్నిష్‌లో దిగబడి ఉన్నాయి. ఒక్కో బొట్టులో నాయనమ్మ వేలి గీతలు కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి. పక్కనే ఒక బంతిపువ్వు.

"ఎన్నిసార్లు చెప్పిన నీకు? ఎన్నిసార్లు? నా బతుకంత కరాబ్ జేసినవ్ గదనే!" అని అరిచాడు కాక. కన్నతల్లిని అలా అన్న మనిషి కాదు అంతకు ముందు.

"మంచి జరగాలని వెట్టిన బిడ్డా…" అంది నాయనమ్మ.

కాక వినలేదు. రంగు కరిగించే తిన్నర్ సీసా తీసి గుడ్డ తడిపి, బొట్ల మీద గబగబా రుద్దడం మొదలుపెట్టాడు. కుంకుమ పోలేదు సరికదా, ఎర్రగా చుట్టూ అలుముకుంది. ఇంకా రుద్దాడు. వార్నిష్ లేచింది. దాని కింద ఊపిరి బిగబట్టి అంటించిన ఎర్రగీత, తోక మీది అక్షరాలు, అన్నీ పాల మీది మీగడలా ముడుచుకుపోయాయి. అప్పుడు ఆగాడు. గుడ్డ పడేసి నేల మీద కూలబడ్డాడు.

ఆ దసరాకు మా ఇంట్లో మటన్ ఎవరూ ముట్టలేదు. సాయంత్రం జమ్మి ఆకు పట్టుకుని అందరూ ఒకరి కాళ్లకు ఒకరు మొక్కుతుంటే, కాక తల్లి దగ్గరికి రాలేదు. ఆమె చేతిలో జమ్మి పట్టుకుని గడపలో ఎదురుచూస్తూనే ఉంది. సోమవారం విమానాన్ని తువ్వాలులో చుట్టుకుని కోఠీ వెళ్లాడు. సాయంత్రానికి ఒట్టి తువ్వాలుతో వచ్చాడు. "ఏమాయె?" అంది నాయనమ్మ. "కాలే" అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని ప్లాట్ల ఆఫీసులో కూర్చున్నాడు.

నాయనమ్మ ఆ రోజు నుంచి దేనికీ బొట్టు పెట్టలేదు. కాలనీ వాళ్లు స్కూటరు తెస్తే, "నా చెయ్యి మంచిది గాదు, మా కోడలు వెడ్తది" అని లోపలికి వెళ్లిపోయేది. కింది ఆంటీ ఎన్నో విధాల చెప్పి చూసింది.

"అయ్యో పెద్దమ్మగారూ, మీరేమన్నా కావాలని చేశారా? ఎవరికి ఎక్కడ రాసిపెట్టి ఉంటే అక్కడే అవుతుంది. ఎందుకండీ అలా మనసులో పెట్టుకుంటారు?"

"గట్ల గాదమ్మా. పోరని కోసం కొట్లాడి ఒప్పిచ్చింది నేనే, చెడగొట్టింది నేనే" అనేది నాయనమ్మ.

కాక బాగానే సంపాదించాడు. అబద్ధాలాడటం చేతకాదన్న మనిషి, అందులోనూ ఆరితేరాడు. నాగోలు దాకా ప్లాట్లు అమ్మాడు. మొదటి కారు కొన్నప్పుడు నేరుగా నాయనమ్మ ముందుకు తెచ్చి, "అమ్మా, నువ్వే వెట్టాలె" అన్నాడు. ఆమె చేతులు కొంగులో దాచుకుంది. "వద్దు బిడ్డా. నీ పెండ్లాంతోని వెట్టియ్యి. నేను దూరంకెళ్లి సూస్త" అంది. నా పెళ్లికీ అంతే. అప్పటికి తాత బతికే ఉన్నాడు, నాయనమ్మ నిండు ముత్తయిదువ. నన్ను పెళ్లికూతురిని చేసేటప్పుడు అందరూ వరుసగా వచ్చి బొట్టు పెడుతుంటే, నాయనమ్మ తలుపు చాటున నిలబడి చూసింది. నేను లేచి వెళ్లి చెయ్యి పట్టుకుని లాగాను, ఏడ్చాను కూడా. "నీకు మంచి కావాలనే బిడ్డా, నన్ను గుంజకు" అంది. నా పెళ్లి ఫోటోల్లో ఆమె బొట్టు పెడుతున్న ఫోటో లేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

ఆమె పోయింది. దినాలయ్యాక, శామియానా కింద పనివాళ్లు కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తుంటే, కాక వచ్చి నా పక్కన కూర్చున్నాడు. జుట్టుకు రంగు, వేలికి పెద్ద ఉంగరం. నేను ఏదో మాటల్లో, "ఆ విమానం సంగతి పట్టుకుని నాయనమ్మ ఎంత కుమిలిపోయింది కాకా" అన్నాను. ఆయన తల దించుకున్నాడు.

"గా ముసలాయన ఆ రోజు ఏమన్నడో ఎరుకనా? బొట్లు సూసి నవ్విండు. 'మీ అమ్మ వెట్టిందా? గదేమైతది? ఆరనిచ్చి, తడిపిన గరుకు కాయితంతోని సన్నగ రుద్ది ఇంకో కోటు క్లియర్ ఏస్తే పోతుండె. తిన్నర్ ఎందుకు వెట్టినవ్? మొత్తం నువ్వే కరాబ్ జేసినవ్. గీ పనికి చెయ్యి గాదు, ఓపిక గావాలె. నీకు లేదు, పో' అన్నడు."

ఇన్నేళ్లూ ఆమె చెయ్యి చెడ్డదని ఆమె నమ్మింది, మేమూ పైకి కాదంటూ లోపల నమ్మాం. చెడగొట్టింది ఈయన తొందర.

"నాయనమ్మకు ఎందుకు చెప్పలే?" అన్నాను. నా గొంతు నాకే కర్కశంగా వినిపించింది.

"చెప్దామనే పోయేటోన్ని. చానాసార్లు పోయిన. 'అమ్మా, గా ఇమానం…' అన్ననో లేదో, ఆమెనే ముందుగాల నా చేతులు వట్టుకోని, 'మాఫ్ చెయ్యి బిడ్డా' అని ఏడ్సేది."

"మరి నువ్వేమనేటోనివి?"

కుర్చీలు పేర్చేవాళ్లు మా రెండు కుర్చీల కోసం వచ్చి, మమ్మల్ని చూసి వెనక్కి వెళ్లారు.

"పోనీ తియ్ అమ్మా, మాఫ్ జేసిన అనేటోన్ని" అన్నాడు కాక.

ఆయన అలా అన్న రోజులన్నీ నాకు తెలుసు. ఆ రోజుల్లో నాయనమ్మ కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి వచ్చి, నాకూ అమ్మకూ పట్టరాని సంతోషంతో చెప్పేది, "నా కొడుకు మనసు ఎంత పెద్దదే! నన్ను మల్ల మాఫ్ జేసిండు" అని.